పక్కింటి పెద్దాయన, జర్మన్ సైనికుల బ్యాడ్జీలు

మా పక్కింటి పెద్దాయన గురువారం ఆసుపత్రిలో పోయారు. గుండె జబ్బు. కోవిడ్ కాదు, అయినా కోవిడ్ నిబంధనల వల్ల చివరిదాకా దగ్గర ఎవరినీ ఉండనివ్వలేదు. కార్క్ నగరంలో ఉండే ఆయన మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. నర్సుగా ఎన్నో మరణాలు చూశాను. ఈ కబురు విన్నాక మాత్రం పెరట్లో గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

ఐర్లండ్‌లోని ఈ నేవన్ ఊళ్ళో మా రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ. లాక్‌డౌన్ వచ్చేసరికి మా ఆయన, పాప గుంటూరులో చిక్కుకుపోయారు. డ్యూటీ నుంచి వచ్చాక నాకు మాట్లాడేందుకు ఎదురుగా కనిపించే మనిషి గోడ అవతల ఆయనొక్కరే.

ఒకప్పుడు ఆయన లారీలో జర్మనీ దాకా సరుకు తోలేవారు. అక్కడి పాత సామాన్ల సంతల్లో మాజీ సైనికుల సంఘాల బ్యాడ్జీలు, గౌరవ పిన్నులు కొని పోగుచేశారు. నాజీ గుర్తు ఉన్నవాటిని ముట్టుకోలేదు. రోజుకొకటి తెచ్చి గోడ మీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి నిలబడేవారు. నేను తీసి చూసేదాన్ని. ఒకదాని మీద ఓక్ ఆకుల మధ్య నలభై అంకె ఉంది.

“ఇది శౌర్యానికి ఇచ్చింది కాదమ్మాయ్. నలభై ఏళ్ళు సంఘంలో ఉన్నందుకు. వచ్చి, పక్కవాడితో కూర్చుని ఓ బీరు తాగినందుకు,” అన్నారు.

“మీకెందుకండీ ఇవన్నీ?”

ఆయన తాత మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరి జర్మన్లతో పోరాడారట. తిరిగొచ్చేసరికి ఇక్కడ బ్రిటిష్ పాలన మీద పోరు నడుస్తోంది, ఆ యూనిఫాం అంటేనే జనానికి పడదు. పతకాలు దాచేసి, పోయేదాకా ఆ మాటే ఎత్తలేదట.

“మా తాత ఎవరిమీద కాల్చారో వాళ్ళకైనా కూర్చుని చెప్పుకోవడానికి ఓ చోటుంది. ఆయనకి అదీ లేదు,” అన్నారు పెద్దాయన.

మా ఆయనకు ఫోన్లో చెబితే, “ఎవరివో బ్యాడ్జీలు పోగేసుకోవడమేంటే? పాపం, తోచట్లేదేమో,” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చలికాలంలో నాకు పాజిటివ్ వచ్చింది. పైగదిలో ఒక్కదాన్నే. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే ఆయన కోటూ టోపీ వేసుకుని పెరట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఫోన్ చేశాను.

“ఈ చలిలో ఏంటండీ? లోపలికెళ్ళండి,” అన్నాను దగ్గుతూ.

“నేను గ్రాండ్, బాగానే ఉన్నా. నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఊరికే కూర్చున్నా.”

నేను తేరుకునేదాకా రోజూ అలాగే వచ్చి కూర్చున్నారు. ఈ దేశంలో నాకంత తోడు ఇంకెవరూ ఇవ్వలేదు.

“గుర్తుగా ఒక బ్యాడ్జీ తీసుకుంటారా?” అని గురువారం ఆ ఫోన్లోనే అడిగింది మేనకోడలు.

“వద్దండీ. అన్నిటినీ ఒక్కచోటే ఉంచండి,” అన్నాను.

అంత్యక్రియలకు పదిమందికే అనుమతి. మిగిలినవాళ్ళం ఎవరి గేటు దగ్గర వాళ్ళం నిలబడ్డాం. ఆయన్ను తీసుకెళ్తున్న నల్లకారు మనిషి నడిచేంత నెమ్మదిగా వచ్చి, ఆయన ఇంటి ముందు కాసేపు ఆగి, మలుపు తిరిగింది. సన్నగా వాన మొదలైంది. రోడ్డు ఖాళీ అయిపోయింది. అయినా ముందుగా లోపలికి వెళ్ళడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. తడుస్తూ అలాగే నిలబడి ఉన్నాం.