ఎండ వెతుక్కుంటూ ఖోర్ ఫక్కాన్ దాకా

మా నెల్లూరు వైపు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. దుబాయ్‌లో సముద్రంలోకి దిగిపోతాడు. పంతొమ్మిదేళ్లుగా అక్కడి డేరా పేటలో ఉంటూ ఆ దిగిపోవడమే చూశాను. నీళ్లలోంచి పొద్దు పొడవడం చూడాలంటే కొండలు దాటి తూర్పు ఒడ్డుకు, ఖోర్ ఫక్కాన్‌కు పోవాలి. దూరం పెద్దదేం కాదు, రెండు గంటల్లోపే. కానీ తెల్లవారేసరికి ఒడ్డున ఉండాలంటే ముందు రాత్రి అక్కడే పడుకోవాలి. నేను బయట పడుకోను. కారణం నా ఇన్సులిన్.

ఎనిమిదేళ్ల కింద స్నేహితులతో కొండలమీదికి వెళ్లినప్పుడు ఇన్సులిన్ పెన్నులు కారులో మరిచాం. ఎండకు అవి పాడైపోయాయి. ఆ సంగతి తెలియక వాటినే పొడుచుకుని మూడు రోజులు ఆసుపత్రి పాలయ్యాను. అప్పటినుంచి నేను నమ్మే ఫ్రిజ్ లేనిచోట ఒక్క రాత్రి గడపలేదు. హోటళ్లలో బుల్లి ఫ్రిజ్‌లుంటాయి గానీ, తలుపు కార్డు తీయగానే కరెంటు పోయే గదిని నేనెట్లా నమ్మను? ఐసు సంచులున్నాయి కదా అంటారు. అనేవాళ్లకేం, పొడుచుకునేది నేను.

మా ఆయన పెంచలయ్య అల్ ఖూజ్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్. ఆయన చూసుకునే భవనంలో అద్దెకున్న ఒకాయన దేశం వదిలిపోతూ పాత మోటార్‌హోమ్ ఒకటి అమ్మకానికి పెట్టాడు. మంచం, పొయ్యి, సింకు అన్నీ లోపలే ఉన్న బండి. ఇంజను బాగుంది. లోపలి కరెంటు మాత్రం ఖలాస్. దీపాలు వెలగవు, బ్యాటరీ ఉబ్బిపోయింది, కప్పుమీద సోలార్ పలక పగిలిపోయింది. అయినా కొనేశాడు.

"నిన్ను ఫ్రిజ్ దగ్గర కట్టేయడం ఎందుకు సుజా? ఫ్రిజ్‌నే నీ వెంట తిప్పుతా, చూస్తా ఉండు" అన్నాడు.

ఆరు వారాలు సెలవు రోజుల్లో ఆ బండిలోనే కాపురం పెట్టాడు. కప్పుమీద రెండు కొత్త సోలార్ పలకలు బిగించాడు. డ్రైవరు సీటు కింద కొత్త బ్యాటరీ. ఫ్రిజ్ వెనక కిటికీ దగ్గర, నేను అడిగిన చోటే. బ్యాటరీ నుంచి అక్కడి దాకా వైరును కప్పు వెంబడి లాగి, చెక్క వెనక ఎవరికీ కనపడకుండా దాచాడు. ఆ వైరు, భవనాల పనిలో మిగిలిన ముక్కలే. "చాలుతుందా?" అంటే నవ్వాడు. "పన్నెండు వోల్టులే! పిల్లల బొమ్మలకు పెట్టేది. ముప్పై అంతస్తులకు కరెంటిచ్చినోణ్ణి, నన్నా అడిగేది?" నేను మాత్రం ఫ్రిజ్ తలుపుకు డిగ్రీలు చూపించే చిన్న యంత్రం అంటించుకున్నాను. నాకు రెండుకూ ఎనిమిదికీ మధ్య అంకె కావాలి.

నిరుడు అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున ఆరూ ఇరవైకి డేరాలో బయల్దేరాం. అంకె ఐదు. ఏడున్నరకల్లా ఉమ్ అల్ క్వైన్ చేరాం. రోడ్డు పక్క కఫ్తీరియాలో రెండు కరక్ చాయ్‌లు, రెండు గుడ్డు పరోటాలు. చాయ్ తెచ్చిన మలయాళీ ఆయన బండిలోకి తొంగిచూసి, "ఇల్లు తోలుకుని తిరుగుతున్నారా?" అని హిందీలో అడిగాడు. "ఇల్లు కాదు, మా ఆవిడ ఫ్రిజ్" అన్నాడు మా ఆయన. దానికి అంత నవ్వు అవసరం లేదు గానీ, ఇద్దరూ నవ్వారు.

తర్వాత, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన కయ్య ఒడ్డున చెట్ల నీడలో ఆపాం. నీళ్లు కదలడం లేదు. మడచెట్ల మధ్య తెల్ల పక్షులు ఒంటికాలిమీద నిలబడి నిద్రపోతున్నాయి. చిన్న ఫ్యాను తిరుగుతుంటే నాకూ కునుకు పట్టింది. అమ్మ వాకిట్లో నీళ్లు చల్లుతున్నట్టు, ఆ తడిమట్టి వాసన నా మొహానికి తగిలినట్టు అనిపించింది. కళ్లు తెరిచి అలవాటుగా అంకె వైపు చూశాను. తొమ్మిది. పక్కనే, కరెంటు చాలడం లేదని చెప్పే ఫ్రిజ్ ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతోంది. లేచి మా ఆయన్ను పిలిచాను.

"నీడలో పెట్టాం గదా, పలకలకు ఎండ తగల్లేదు" అన్నాడు మా ఆయన. బండిని ఎండలోకి తీశాడు. ఈ దేశంలో జనమంతా నీడ కోసం కొట్టుకుంటారు. మేమేమో ఎండ వెతుక్కుంటూ ఒడ్డంతా తిరిగాం. ముప్పావుగంట గడిచినా ఎర్ర దీపం పోలేదు. అంకె పదకొండు.

ఎనిమిది దాటగానే ఇన్సులిన్ పాడైపోదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా, నా భయం నాది. "వెనక్కి పోదామండీ" అన్నాను. ఆయన బండి తీశాడు. దారిలో ఇండస్ట్రియల్ ఏరియాలో ట్రక్కులకు కరెంటు పని చేసే షాపు కనపడితే అక్కడ ఆపాడు.

ఆ షాపు ఖాజాది. కడప మనిషి. మేం తెలుగువాళ్లమని వినగానే కుర్చీ తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. బండిలోకెక్కి, చెక్క ఊడదీసి, వైరుమీద చెయ్యి వేసి, మా ఆయన్ను పిలిచాడు.

"అన్నా, ముట్టుకోని జూడు, ఎట్ల కాగుతాందో. ఇది ఇంటి వైరు గదా?"

మా ఆయన ముట్టుకున్నాడు. మొహం చిన్నబోయింది.

"ఇంట్లో కరెంటుకు జోరు ఎక్కువ, సన్న వైరైనా సరిపోతాది. ఈడ ఉండేది పన్నెండే. ఇంత పొడుగు, ఇంత సన్నం పెడితే జోరంతా దోవలోనే పాయె. ఫ్రిజ్ కాడికి ఏం వస్తాది? వైరు లావుండల్ల, దోవ పొట్టిగుండల్ల."

ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న మనిషి బడిపిల్లాడిలా తలూపాడు. నాకు కోపం రావాలి నిజానికి. రాలేదు, జాలేసింది.

ఖాజా దగ్గర లావు కేబుల్ మూరెడు ముక్క మాత్రమే ఉంది. జుమ్మా కావడంతో సామాన్ల షాపులు సాయంత్రం దాకా తెరవరు. ఆయనకూ నమాజుకు వేళయింది. పనిముట్ల పెట్టె మా ఆయన ముందు పెట్టాడు. "మూరెడు వైరుకు ఫ్రిజ్ యాడికి రావల్లనో నీకు తెలీదా అన్నా? నీ చేతికి నేనేం నేర్పేది? నేను వచ్చేలోపల అయిపోతాది" అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను ఫ్లాస్కులో మజ్జిగ తెచ్చుకున్నాను. దాన్ని గ్లాసుల్లో వంచేసి, ఖాజా నీళ్ల డబ్బాలో తేలే ఐసు ముక్కలు ఫ్లాస్కులో వేశాను. ఐసు తగలకుండా పెన్నుల్ని తువ్వాలులో చుట్టి పైన పెట్టి, ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన చెమటలు కక్కుతూ ఫ్రిజ్‌ను కిటికీ దగ్గర్నుంచి ఊడదీసి డ్రైవరు సీటు వెనక్కి జరిపాడు. బ్యాటరీకీ దానికీ మధ్య ఇప్పుడు జానెడే ఎడం.

రెండూ పదికి ఫ్రిజ్ గుర్రుమంది. ఎర్ర దీపం లేదు. అంకె మాత్రం పదమూడు.

"ఎనిమిది లోపలికి దిగితే ఖోర్ ఫక్కాన్. లేకపోతే ఇంటికి" అన్నాను.

ఖాజా తిరిగొచ్చి, మిగిలిన మజ్జిగ తాగి, మా పక్కన కూర్చున్నాడు. ముగ్గురం ఆ అంకెనే చూస్తున్నాం. పన్నెండు. బయట రోడ్డుమీద ఎండ తెల్లగా కాస్తోంది. పది. ఎక్కడో దూరంగా ఇనుము కోస్తున్న చప్పుడు జోలపాటలా సాగుతోంది. మూడూ నలభైకి ఏడు పడింది.

"యల్లా అక్కా, ఇంక లెయ్" అన్నాడు ఖాజా. డబ్బులిస్తే తీసుకోలేదు. మజ్జిగ బాగుందన్నాడు.

కొండల్లో సొరంగాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. చీకట్లోకి పోవడం, బంగారు ఎండలోకి రావడం. ఐదున్నరకు కారవాన్లు ఆపుకోనిచ్చే చోట ఒడ్డున ఆగాం. అక్కడ సూర్యుడు కొండల వెనక్కి దిగుతాడు, సముద్రం ముందే నీలంగా మసకబారుతుంది. జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి తిని ఎనిమిదికే పడుకున్నాం.

తెల్లవారుజామున ఐదున్నరకు మెలకువ వచ్చింది. ముందు అంకె చూశాను. నాలుగు. పెన్ను తీసుకుని బండి మెట్టుమీద కూర్చున్నాను. నీళ్లూ ఆకాశమూ ఇంకా ఒకటిగానే ఉన్నాయి. ఆరుంబావుకు నీళ్లలోంచి ఎర్రగా, తడిగా, మా ఊరి సూర్యుడే పైకొచ్చాడు. ఇన్నేళ్లూ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాడు. చూస్తూనే పొడుచుకున్నాను. నొప్పి తెలియలేదు గానీ కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

"ఏందే, సూది గట్టిగా దిగిందా?" అన్నాడు వెనకనుంచి.

"నా కళ్లు, నా ఇష్టం" అన్నాను. పక్కన చోటిస్తే వచ్చి కూర్చున్నాడు.

మాలాగా పాత బండిని బాగుచేసుకుని వెళ్లాలనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి. ఫ్రిజ్ కిటికీ దగ్గర బాగుంటుంది గానీ బ్యాటరీ పక్కన పనిచేస్తుంది. పలకలమీది ఇసుక పొద్దున్నే తుడవండి. బండిని ఎండలో పెట్టి, మీరు నీడలో కూర్చోండి.

శనివారం నాలుగింటికి డేరాలో మా భవనం వెనక దిగాం. రోడ్డు ఇంకా కళ్లలో కదులుతూనే ఉంది. మా ఆయన అప్పటికే ఫ్లాస్కు కడిగి, మా వీధి కఫ్తీరియాకు వెళ్లి ఐసు పట్టుకొచ్చాడు.

"పెన్నులియ్యి, పైకి తీసుకుపోతా."

అంకె చూశాను. ఐదు.

"అక్కడే ఉండనీయండి. భోజనం వేళకు నేనే కిందికి దిగుతాను" అన్నాను.

నేను మెట్లెక్కి వెనక్కి చూసేసరికి, ఆయన ఐసు ఫ్లాస్కు చేత్తో పట్టుకుని ఇంకా ఆ బండి తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.