వీపు ఎండకి, మొహం ఆటకి

మా హోమ్ సైన్స్ మేడమ్ పోయారు. పోయిన వారం, చలి బాగా ముదిరిన రోజున, పొద్దున్నే కాఫీ తాగి వరండాలో కుర్చీలో కూర్చున్నావిడ అలాగే కన్నుమూశారట. ఫోను పెట్టేశాక ఏడ్చాను, నిజమే. కానీ కద్మా పేటలో వాళ్ళింటికి ఆటోలో వెళ్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను కూడా. ఆవిణ్ణి తలుచుకుంటే నవ్వు రాకుండా ఉండదు మరి.

డెబ్భైల చివరి మాట. రాంచీ వైపు ఉక్కు ఫ్యాక్టరీ ఊరు మాది. మా ఆడపిల్లల కాలేజీకి హాకీ జట్టుండేది. ఆడేవాళ్ళంతా ఊరి బయట గమ్హరియా అవతలి పల్లెల పిల్లలు. బంతి వాళ్ళ కర్రకి తగిలిందంటే ఇక ఎవరికీ చిక్కేది కాదు. వాళ్ళ ఆట చూసే దిక్కే లేదు. మిగతా మాకందరికీ ఇల్లు, కాలేజీ, మళ్ళీ ఇల్లు. చూడ్డానికి మనిషి లేని ఆటకి ఖర్చెందుకు, వచ్చే ఏడాది నుంచి జట్టు వద్దు అనేశారు ప్రిన్సిపాల్ మేడమ్. జట్టులో ఫార్వర్డ్ ఆడే పిల్ల మా మేడమ్ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. హాకీలో మేడమ్‌కి ఓనమాలు తెలీవు. అయినా మర్నాడే అల్లిక క్లాసుని గ్రౌండుకి మార్చేశారు.

ఇంట్లో చెబితే అమ్మ కళ్ళెర్రజేసింది. “గ్రౌండుకా? ఏటి పని నీకక్కడ?”

“స్వెట్టర్ క్లాసమ్మా. ఎండలో.”

“అలాగైతే ఎల్లు. మీ నాన్నకి నిండు చేతులది ఒకటి అల్లు.”

మొదటి రోజు సిగ్గుతో ఎండకీ ఆటకీ రెండింటికీ వీపు పెట్టి కూర్చున్నాం. మేడమ్ చూసి, కింద పరిచిన దరీ తీయించి గ్రౌండుకి అవతలి వైపు వేయించారు. “వీపు ఎండకి, మొహం ఆటకి. ఇంకేటీ చెప్పను,” అన్నారు. ఆవిడదీ మాలాగే విజయనగరం వైపు. హిందీలో పాఠం చెప్పినా, నాతో మాత్రం ఇంటి మాటే.

సంచీ నిండా బఠాణీ కాయలు తెచ్చేవారు. ఒలుచుకుంటూ, కబుర్లాడుకుంటూ, మధ్యమధ్యలో అల్లుకుంటూ ఉండేవాళ్ళం. సంగతి తెలిసి హిస్టరీ వాళ్ళూ కెమిస్ట్రీ వాళ్ళూ సూదులు పట్టుకుని తయారు. సగం మందికి అల్లడమే రాదు. నేను మేడమ్‌ని అడిగాను, వీళ్ళంతా ఆట కోసమే వస్తున్నారా అని.

“ఒట్టి ఆట కోసం ఎవరొత్తారే? పక్కన కూకునే మనిషి కోసం వత్తారు. వచ్చాక ఆటే పట్టుకుంటాది.”

పట్టుకుంది. నాన్న స్వెట్టర్‌కి ఎడమ చెయ్యి జానెడు పొడుగైపోయింది, చూపంతా బంతి మీదే ఉండి. పాపం, నాన్న దాన్ని మడత పెట్టుకుని డ్యూటీకి వెళ్ళేవారు.

ఆ చలికాలం ఆఖరి మ్యాచికి ప్రిన్సిపాల్ తనే వచ్చారు, జట్టు సంగతి తేల్చేయడానికి. రాంచీ నుంచి వచ్చిన జట్టు గట్టిది. మా ఫార్వర్డ్ గోలు కొట్టింది. అందరికన్నా ముందు లేచి గంతేసింది ఎవరనుకున్నారు, మా మేడమే. ఒళ్ళోని ఎర్ర ఊలు ఉండ దొర్లుకుంటూ గ్రౌండు మధ్యకి పోయింది. అంపైరు ఈల నోట్లో పెట్టుకుని నిలబడిపోయారు. ఫార్వర్డే ఆ ఊలు చుట్టుకుంటూ వచ్చి మేడమ్ చేతికిచ్చింది.

“ఇది క్లాసేనా?” అన్నారు ప్రిన్సిపాల్, హిందీలో.

“క్లాసే. మీరూ కూర్చోండి, ఎండ బాగుంది,” అని మేడమ్ దరీ మీద కాస్త జరిగారు.

ప్రిన్సిపాల్ కూర్చున్నారు. రెండో గోలుకి ఆవిడా లేచారు. జట్టు తీసేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇన్నేళ్ళయినా, ఆ మధ్యాహ్నమంత సంతోషం నాకు మళ్ళీ దొరకలేదు.

కద్మా చేరేసరికి మా పాత క్లాసు వాళ్ళు అయిదారుగురు వచ్చి ఉన్నారు. ఫార్వర్డ్ కూడా వచ్చింది, జుట్టంతా తెల్లబడిపోయి. సాగనంపడం అయ్యాక మేడమ్ ఇంటి మెట్ల మీద కూర్చున్నాం. సందులో పిల్లలు బ్యాటు చంకలో పెట్టుకుని, గోడవార బిక్కమొహాలతో నిలబడ్డారు. చావు జరిగిన ఇంటి ముందు ఆడకూడదని ఎవరో కసిరారట. ఫార్వర్డ్ లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

“ఖేలో బేటా, ఆడుకోండి,” అంది. “ఈ ఇంటి అమ్మమ్మ రోజూ వరండాలోంచి మీ ఆటే కదా చూసేది.”

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు మెల్లిగా బంతి వేశాడు. ఫార్వర్డ్ వెనక్కి వచ్చేసరికి మేమంతా మెట్ల మీద అటు జరిగి, వీపులకి ఎండ తగిలేలా సర్దుకుని కూర్చున్నాం. ఆమెకి కూడా చోటిచ్చాం.