నచ్చిన జవాబును నమ్మని టీచరమ్మ

మా పై పోర్షన్ టీచరమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను కొట్లో కందిపప్పు తూస్తున్నాను. ముందు నమ్మలేదు. మాట్లాడేది ఎవరు, పక్కన ఎవరున్నారు, డాక్టరు ఏమన్నాడు అని గుచ్చి గుచ్చి అడిగాను. అవతల ఉన్నది ఆవిడ కూతురే, బెంగళూరు నుంచి; టీచరమ్మ నాలుగు రోజులు ఉండి వద్దామని అక్కడికే వెళ్లింది. నిద్రలోనే పోయిందంటే, మాత్ర వేసుకుందా లేదా అని కూడా అడిగాను. వేసుకుందని ఆ పిల్ల ఏడుస్తూనే చెప్పింది. అప్పుడు కొట్టు షట్టరు దించాను.

నన్ను ఎరిగినవాళ్లు దీనికి ఆశ్చర్యపోరు. హోసూరు బజారులో తరాలుగా కిరాణా కొట్టు నడుపుతున్న ఇల్లు మాది. పాల ప్యాకెట్‌నైనా నొక్కి చూడకుండా లోపలికి రానివ్వను. అలాంటి ఇంట్లోకి గబ్బిలాల మనిషి అద్దెకు వచ్చింది.

కృష్ణగిరిలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యానని చెప్పింది. రిటైరైన మనిషి పొద్దు వాలేసరికి సన్నటి వల, తలకు కట్టుకునే లైటు, తోలు గ్లవ్స్ సంచిలో వేసుకుని ఆటో ఎక్కడమేమిటి? ఏ రోగం తెచ్చి అంటిస్తుందో అని మా అత్తగారి భయం. ఆ సంచిలో ఇంకేం ఉందో అని నా అనుమానం.

ఒక వేసవిలో ఆవిడ ఫ్రిజ్ చెడిపోయింది. టేపు చుట్టిన స్టీలు డబ్బా ఒకటి తెచ్చి, మా ఫ్రిజ్‌లో పెట్టమంది. టేపు చుట్టిన డబ్బాను తెరవకుండా పెట్టుకునే రకం కాదు నేను. లోపల చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, వాటిలో స్పిరిట్, స్పిరిట్‌లో మిరపగింజంత నల్లటి తోలు ముక్కలు. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇంట్లో, పెరుగు గిన్నె పక్కన గబ్బిలాల రెక్కలు. అత్తగారు పెరుగు పారబోసి, ఫ్రిజ్‌ను పసుపు నీళ్లతో కడిగించి, టీచరమ్మను ఇల్లు ఖాళీ చేయమంది.

ఆవిడ కిందికి వచ్చింది, కానీ వాదించలేదు. లోపలేముందో చెప్పకుండా అట్లాంటివి ఇయ్యడం తనదే తప్పని అత్తగారికి చెప్పింది. గబ్బిలాన్ని పట్టి, రెక్క తోలులో చిన్న ముక్క తీసి వదిలేస్తానని, కొన్నాళ్లకు ఆ చిల్లు పూడిపోతుందని, దేనికీ ప్రాణం పోదని చెప్పింది. మీరు చెప్పేది నిజమని నేనెట్లా నమ్మాలి అన్నాను. ఆ మాటకు ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"నమ్మొద్దమ్మా. వచ్చి చూడు," అనింది.

వెళ్లాను. అటవీ శాఖ అనుమతి కాగితం ముందు చూపించమని, చదివి మరీ వెళ్లాను. కృష్ణగిరి దాటాక ఒక రాతికొండ. దాని చీలికల నిండా పిడికిట్లో పట్టేంత చిన్న గబ్బిలాలు, పురుగులు తిని బతికేవి. వలలో పడినదాని రెక్క లైటుకు ఎదురుగా పరిచి చూపించింది. పాత చిల్లు పూడి, అక్కడ తెల్లటి చుక్క మాత్రం మిగిలి ఉంది. ఇంటికి వచ్చి అత్తగారికి నా మాటగా చెప్పాను. టీచరమ్మ పైన ఉండిపోయింది. డబ్బా మాత్రం ఆవిడ సొంత ఫ్రిజ్ బాగయ్యాక అందులోకే వెళ్లింది.

ఆ కొండ మీద ఆవిడకు ఎందుకంత పట్టుదలో కాఫీ తాగుతూ చెప్పేది. పైన హోసూరు చల్లన. ఘాట్ దిగి కృష్ణగిరి చేరితే చెమటలు. ఎండ, వాన మారితే పురుగులు పుట్టే కాలం మారుతుంది, వాటితో గబ్బిలాలు పిల్లలు పెట్టే కాలమూ మారవచ్చు. కాలాలు కలవకపోతే సంబంధాలు కలవవు. అట్లా తరాలు గడిస్తే, చూపుకు ఒకటే రకమైనా పైవాటి జన్యువులు వేరు, కిందవాటివి వేరు అవుతాయి. ఎన్ని రకాలుంటే అంత మంచిది, ఎండలు ముదిరినా కొత్త జబ్బు వచ్చినా కొన్నైనా తట్టుకుంటాయి. ఇప్పుడు ఆ కొండను గ్రానైటు క్వారీకి అడిగారు. గబ్బిలాలదేముంది, పోతే పైనుంచి వేరేవి వస్తాయిలే అని క్వారీవాళ్ల మాట. అది నిజమా కాదా అన్నదే ఆవిడ తేల్చుకోవాలనుకున్నది.

ఆ తోలు ముక్కలను ల్యాబుకు పంపితే మొదటి జవాబు వచ్చింది. వేరే. ఆ కొండ గబ్బిలాలు హోసూరు వైపువాటితో కలవలేదు. కొండ కింద టమాటా పండించే రైతు ఒకాయన, ఆవిడ వెళ్లినప్పుడల్లా టీ ఇప్పించేవాడు, ఇక కొండను కొయ్యరని ఊరంతా చెప్పుకున్నాడు. ఆవిడ మాత్రం మెట్ల మీద కూలబడి ఉంది.

"నాకు నచ్చిన జవాబే వచ్చిందమ్మా. అందుకే నమ్మబుద్ధి కాలేదు," అనింది. కాసేపటికి, మా ఇంటి కోడళ్ల పుట్టిళ్లు ఎక్కడెక్కడ అని అడిగింది. నాది కోలారు, అత్తగారిది పలమనేరు, తోడికోడలిది పుంగనూరు అని చెప్పాను.

"మనకు ఆడవాళ్లు ఊరు మారతారు. ఈ గబ్బిలాయిల్లో ఆడది పుట్టింట్లోనే ఉంటుంది, మొగదే తిరుగుతుంది. నేను తల్లి నుంచి దిగే జన్యువులే, అమ్మల దోవ మాత్రమే చూసినాను. నాయనల దోవ చూడనే లేదు."

గబ్బిలంగా పుట్టినా బాగుండేదని నాకు అనిపించింది, అత్తగారు వింటుందని పైకి అనలేదు. టీచరమ్మ ఆ వయసులో మళ్లీ వల భుజాన వేసుకుని, పై కొండలూ కింది కొండలూ తిరిగింది. ఈసారి తండ్రుల వైపు కూడా పరీక్ష చేయించింది. మగవి ఘాట్ ఎక్కి దిగుతూనే ఉన్నాయి. ఆ వైపు చూస్తే అన్నీ కలిసిపోయాయి.

క్వారీ గురించి ఊరి అభిప్రాయం అడిగే మీటింగుకు నేనూ తోడు వెళ్లాను. ఆవిడ మైకు పట్టుకుని, మగవి పైవాటితో కలుస్తున్నాయి, నేను ముందు చెప్పింది సగమే నిజం అంది. క్వారీవాళ్లు తలలూపారు. టమాటా రైతు లేచి నిలబడ్డాడు.

"నిన్ను గూడా కొనేసినారా టీచరమ్మా?"

ఆ తర్వాత అంతా కేకలే. ఆవిడ మైకు వదలకుండా మిగతా సగం చెబుతూనే ఉంది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, మంచి మాట ముందు చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. ఊరివాళ్లకు నచ్చినది ముందు చెబితే రెండోది వినకుండా లేచిపోతారని, అందుకే నచ్చనిది ముందు చెప్పానని అంది. ఆవిడ వేసిన లెక్కల్లో తప్పింది ఇదొక్కటే.

కొనేశారేమో అని నేనూ అనుమానించాను. దాచడమెందుకు. కొన్నాళ్లపాటు పైకి ఎవరు ఎక్కుతున్నారు, ఏం తెస్తున్నారు అని కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాను. ఎక్కినవి గ్యాస్ సిలిండరు, కూతురు, కూతురు తెచ్చిన పులిహోర డబ్బా. టీచరమ్మకు ఇది తెలుసు. మెట్ల మీద ఎదురైతే, ఈ రోజు ఏమైనా దొరికిందా అని నవ్వుతూ అడిగేది. అనుమానం మంచిదే, కానీ ముందు మన మీద మనకు ఉండాలి అనేది. నన్ను ఆ గుణానికి తిట్టనిది నా జీవితంలో ఆవిడ ఒక్కతే. ఇప్పుడు ఆవిడ మీద నాకు ఏ అనుమానమూ లేదు, అదే బాధగా ఉంది.

పోయిన వారం టమాటా రైతు కొట్టుకు వచ్చాడు. మీటింగు తర్వాత ఆయన ఆవిడతో మాట్లాడనే లేదు. పోయాక ఎందుకొచ్చాడా అని ఎగాదిగా చూశాను. కొండ దగ్గరికి ఒకసారి రమ్మన్నాడు. మా ఆయనను వెంటబెట్టుకుని వెళ్లాను. పొద్దు వాలుతోంది. పక్క కొండను అప్పటికే సగానికి కోసేశారు. ఈ కొండ సంగతి ఇంకా తేలలేదు. రైతు రాతి చీలిక దగ్గర గొంతుకు కూర్చున్నాడు. లోపల పిల్లలు కీచుమంటున్నాయి.

"నేను అరస్తా ఉంటే ఆ యమ్మ ఇంకా మాట్లాడతానే ఉండె గదమ్మా. ఏం చెప్పింది?"

ఆవిడ చెప్పింది చెప్పినట్టే చెప్పాను.

"మొగవి వస్తా పోతా ఉంటాయి. ఆడవి మాత్రం ఈ కొండ వదలవు. కొండ పోతే ఈ అమ్మల వంశం ఈడికే ఆగిపోతుంది. పైనుంచి ఏ ఆడదీ వచ్చి దీన్ని నింపదు."

ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నిజమేనా అని అడగలేదు. చీలికలోంచి తల్లులు ఒక్కొక్కటే బయటపడి టమాటా తోట మీదుగా పోయాయి. మేము కదలలేదు. పూర్తిగా చీకటి పడకముందే మొదటిది తిరిగి వచ్చింది. పక్కన ఎన్నో చీలికలు ఉన్నా, పిల్ల అరుస్తున్న చీలికలోకే దూరింది.