కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుకు

నా పెళ్ళికి పెళ్ళిబట్టలు వెళ్ళాయి. అరిసెల బుట్ట వెళ్ళింది. మా ఇంటి పాత ట్రంకుపెట్టె కూడా వెళ్ళింది. నేనొక్కణ్ణే వెళ్ళలేదు. ఎందుకని అడుగుతారా? చెబితే నవ్వుతారు. నవ్వండి, మా ఆవిడ ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉంది. కానీ ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఈ ఘనకార్యం నేను తాగి చెయ్యలేదు, నిద్రపోయి చెయ్యలేదు. ప్రార్థన చేస్తూ చేశాను!

అవి యుద్ధం రోజులు. చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్ళో మిషను బడికి నేను కొత్త పంతుల్ని. మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు, నూనె రాసి పక్కకు దువ్విన జుట్టు. గొంతు బాగుంటుందని ఎవరో పుణ్యాత్ములు పొగిడారు. అంతే, గుడిలో ప్రార్థన అంటే నేనే లేచి నిలబడేవాణ్ణి. ఆదాము దగ్గర మొదలుపెట్టి, నోవహు ఓడెక్కి, ఎర్రసముద్రం దాటితే గాని మా ఊరి వర్షాల సంగతికి వచ్చేవాణ్ణి కాదు.

సంఘంలో నన్ను లెక్కచెయ్యని మనిషి ఒక్కతే ఉండేది, గౌరమ్మత్త. మాకు చుట్టం కాదు గాని ఊరంతటికీ అత్తే. భర్త పోయాక ఒంటరిగా సేద్యం చేసుకుంటూ, నడివయసులో బాప్తిస్మం తీసుకుంది. కొత్త పేరు పెట్టుకోమంటే, "పెబువు నన్ను గౌరమ్మా అనే పిలిసినాడు. ఇప్పుడు పేరు మార్సీసుకుంటే ఎవులో అనుకుంటాడు" అంది. ఇంటి దగ్గర పిల్లి ఎత్తుకుపోతుందని కోడిపెట్టని చంకలో పెట్టుకుని గుడికి వచ్చేది. వీటన్నిటినీ మించిన వింత ఇంకొకటుంది. ఆవిడ కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేసేది!

పంతుల్ని కదా, చూసి ఊరుకోలేకపోయాను. "అత్తా, ప్రార్థనలో కళ్ళు మూసుకోవాలి" అన్నాను.

"ఏటిరా దానేలూ, మీ నాన్నతోటి మాటాడినపుడు కళ్ళు మూసుకుంటావేటి?" అంది.

అది చాలదన్నట్టు, నా ప్రార్థన ఎర్రసముద్రం చేరేసరికి వెనకనుంచి ఆవిడ గొంతు లేచేది. "సాల్రా దానేలూ! పెబువుకి ఇనబడింది. ఇళ్ళకాడ గంజి సల్లారిపోతన్నాది!" జనం కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నేను పట్టుదలగా ఇంకా గట్టిగా చేసేవాణ్ణి.

ఇలా ఉండగా బొబ్బిలిలో నాకు పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు శాంతమ్మ. పెళ్ళి మధ్యాహ్నం. పాస్టరుగారు ఆ సాయంత్రమే బండెక్కి కొండ ఊళ్ళకు వెళ్ళిపోవాలి. వర్షాలు వెలిస్తే గాని తిరిగి రారు. పిల్ల తాతగారు మహా కోపిష్ఠి. "ఆ పూట తప్పితే మాకూ మీకూ మాట లేదు" అని ముందే కబురు చేశారు. ఆయన అన్నారంటే అన్నట్టే.

గౌరమ్మత్తని కూడా తీసుకెళ్దామంది మా అమ్మ.

"అమ్మా, ఆవిడొస్తే అత్తవారి ముందు నా పరువేం కాను?"

"నీకు జొరమొస్తే కూడూ నీళ్ళూ మానీసి పార్దన సేసినది ఎవుల్రా? నీ పరువా, నీ కోటా?" అంది అమ్మ. వెళ్ళి అత్తని బయల్దేరమన్నాను.

విజయనగరంలో బొబ్బిలి బండికి మారాలి. అక్కడ పెళ్ళికూతురి మేనమామ జీవరత్నంగారు మమ్మల్ని కలుసుకున్నారు. తాలూకా ఆఫీసులో గుమస్తా. కళ్ళజోడు, టోపీ, చేతికర్ర. ఆయన్ని చూడగానే నాలో ఉత్సాహం ఉరకలు వేసింది. ఈయన చెవిలో నా ప్రార్థన ఒక్కసారి పడితే చాలు, బొబ్బిలంతా చెప్పుకుంటుంది!

రైలుపెట్టె నిండా జనం. మోకాళ్ళూనడానికి చోటు లేదు. ప్రయాణం ముందు ప్రార్థన చెయ్యకుండా మావాళ్ళు బండెక్కరు. అందుకని సామాన్లు లోపల పెట్టించి, ప్లాట్‌ఫారం మీదే కానిద్దామన్నాను. గౌరమ్మత్తని మాత్రం ఉపాయంగా ముందే ఎక్కించేశాను.

"అత్తా, నువ్వు సామాన్లు చూస్తూ ఉండు. మేం కింద ప్రార్థన చేసుకుని వస్తాం."

కిటికీలోంచి నన్ను పైనుంచి కిందకి చూసింది. "బేగి కానియ్యిరా. ఇది బండి, గుడి కాదు."

నాన్న తలపాగా తీశాడు. అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. జీవరత్నంగారు టోపీ చంకలో పెట్టుకున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. మూసుకుని ఆదాముని పట్టుకున్నాను.

అబ్బ, ఏం ప్రార్థనండీ అది! జన్మలో అలాంటిది నా నోట రాలేదు. నోవహు ఓడ కట్టడం పూర్తయ్యేసరికి జీవరత్నంగారు "ఆహా" అన్నారు. నేను పొంగిపోయాను. ఎర్రసముద్రం ఒడ్డున ఉండగా కిటికీలోంచి గౌరమ్మత్త కేక వినబడింది. "సాల్రా దానేలూ! పెబువుకి ఇనబడింది!"

ఇక్కడ కూడానా అని ఒళ్ళు మండింది. గొంతు పెంచాను. ఆవిడ ఇంకేదో అరిచింది గాని ఇంజను కూతలో కలిసిపోయింది. ఇంజను నాతో పోటీ పడుతోందనుకుని దానికంటే గట్టిగా అరిచాను. ఇశ్రాయేలీయుల్ని ఒక్కరు కూడా తడవకుండా ఆవలి గట్టు చేర్చి, తృప్తిగా "ఆమేన్" అన్నాను.

కళ్ళు తెరిచాం. ఎదురుగా పట్టాలున్నాయి. పట్టాల అవతల ఒక మేక గడ్డి మేస్తోంది. బండి లేదు.

కూలీ ఒకడు దగ్గరికొచ్చి, "బండెల్లిపోనాది బాబూ" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "పార్దన మట్టుకు బాగున్నాదండి" అన్నాడు.

"లేపొచ్చు కదరా!" అని నాన్న వాడిమీద పడ్డాడు.

"దేవుడి పని సేసుకుంతన్నారు, ఎలాగ లేపీడం బాబూ?"

"ఓలమ్మో! పెళ్ళికొడుకు ఈ గట్టునుండిపోనాడు, పెళ్ళిబట్టలు ఎల్లిపోనాయి!" అని అమ్మ గోలెత్తింది.

జీవరత్నంగారు టోపీ పెట్టుకుని, "చాలా విపులమైన ప్రార్థనండీ" అన్నారు. ఆ తరవాత దారి పొడుగునా ఆయన నాతో మాట్లాడలేదు.

మరో బండి మర్నాటికి గాని లేదు. మిగిలింది బొగ్గు బస్సు. యుద్ధంలో పెట్రోలు దొరక్క, వెనకాల పెద్ద కుంపటిలో బొగ్గులు రాజేసి నడిపేవారు చూడండి, అదే. డ్రైవరు ముందే చెప్పాడు. "ఎక్కండి. మెట్ట వస్తే దిగి తొయ్యాల."

బొబ్బిలి దారిలో అన్ని మెట్టలున్నాయని నాకు అంతవరకు తెలీదు! కుంపటి పక్కన నిలబడి తోసీ తోసీ నా తెల్లకోటు మసిగుడ్డ అయిపోయింది. ఒకచోట బస్సు బొత్తిగా మొండికేసింది. అమ్మ ఏడుస్తూ, "ఒరే, ఒక్క పార్దన సెయ్యరా" అంది. కళ్ళు తెరుచుకునే చేశాను. "ప్రభువా, కాస్త తొయ్యి. ఆమేన్." నా జన్మలో అంత చిన్న ప్రార్థన అదే. బస్సు కదిలింది కూడా!

బొబ్బిలి చేరేసరికి పొద్దు వాలుతోంది. పరుగెత్తాను. గుడి బయట పాస్టరుగారి జట్కా సిద్ధంగా ఉంది. లోపల పాట లేదు, సందడి లేదు. అయిపోయింది, శాంతమ్మ నాకు కాకుండా పోయిందనుకున్నాను. అప్పుడు లోపల్నుంచి బాగా బొంగురుపోయిన గొంతు ఒకటి వినబడింది.

"...ఈ తాతగోరి మోకాళ్ళ నొప్పి సూడు తండ్రీ. మోకాళ్ళ మీద సానా సేపయినాది పాపం. బర్మాల ఉన్న మా మరిదిని సూడు. పొరుగింట ఒగ్గీసొచ్చిన నా కోడిపెట్టని సూడు..."

గుమ్మంలోకి వెళ్ళి చూశాను. గుడి గుడంతా మోకాళ్ళ మీద ఉంది, కళ్ళు మూసుకుని. తాతగారు వణుకుతున్నారు. పాస్టరుగారు సంచి భుజాన వేసుకునే మోకరించారు. కళ్ళు తెరిచి ఉన్న మనిషి గౌరమ్మత్త ఒక్కతే. ఆ కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. నన్ను చూశాయి.

"అదుగో, వచ్చీసినాడు! నా మాట ఇన్నావు తండ్రీ. ఆమేన్!"

అందరూ ఒక్కసారి కళ్ళు తెరిచారు. గుమ్మంలో నల్లగా, తెల్లటి పళ్ళతో నేను. పిల్లలు జడుసుకున్నారు. పెళ్ళికూతురు పకాలున నవ్వింది.

జరిగిందేమిటో శాంతమ్మే తరవాత చెప్పింది. సామాన్లు వచ్చి పెళ్ళికొడుకు రాకపోయేసరికి, ఎక్కడో పారిపోయాడన్నారట. ప్రార్థన చేస్తూ బండి తప్పాడని అత్త చెబితే ఎవరూ నమ్మలేదట. తాతగారు లేచి, "పదండి, ఈ పెళ్ళి లేదు" అన్నారట. గౌరమ్మత్త శాంతంగా, "అలాగే ఎల్లిపోదుం బాబూ. ఒక్క సిన్న పార్దన సేసుకుని ఎల్దుం" అందట. గుడిలో ప్రార్థన వద్దనేవాడెవడు? అందరూ మోకరించారు. ఆమేన్ అనకుండా మావాళ్ళు కళ్ళు తెరవరు, లేవరు. ఆవిడ ఆమేన్ అనలేదు!

ఇన్నాళ్ళూ నన్ను త్వరగా ముగించమని పోరిన మనిషి, నా కోసం గొంతు పోయేదాకా ముగించకుండా కూర్చుంది. ఆవిడ రాకపోతే బాగుండునని కోరుకున్నవాణ్ణి నేను. సిగ్గుతో కాళ్ళమీద పడ్డాను. ఏడుపు ఆగలేదు.

"లెగరా, ఏడుపాపు. మసి కారి నా సీర మీద పడతన్నాది" అంది.

పెళ్ళయ్యాక, ముగింపు ప్రార్థన ఎవరు చేస్తారని పాస్టరుగారు అడిగారు. అందరూ పెళ్ళికొడుకు వైపు చూశారు. తాతగారు మోకాళ్ళు పట్టుకుని, "వద్దు బాబూ!" అని కేక పెట్టారు. గౌరమ్మత్తే చేసింది. "పెబువా, ఇందాకే అన్నీ సెప్పీసినాను కదా. ఆమేన్."

కనుక పెద్దలారా, మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఈ కట్టె మట్టిలో కలిసేలోగా రైలు ప్లాట్‌ఫారం మీద నేను మళ్ళీ కళ్ళు మూసుకోను. ప్రార్థనకే కాదు, తుమ్మొచ్చినా సరే, కళ్ళు తెరిచే తుమ్ముతాను!