తాతమ్మ బొంత, నాలుగో మూల

తాతలు శ్రీకాకుళం ఇసుకతీరాన్ని విడిచి, వలలనూ వంటపాత్రలనూ ఓడకెక్కించుకొని ఈ ద్వీపాలకు చేరిన నాటి నుంచి, పోర్ట్‌బ్లెయిర్ పక్క చాతం కలప కోతమిల్లు కూత విని నీటికి ఇవతలి ఊరు సైతం అన్నానికి లేచిన రోజులు దాటి, కడలి పొంగి గట్టు మీది పడవలను కొబ్బరితోటల్లో కూర్చోబెట్టి పోయిన ఆ డిసెంబరు ఉదయం దాటి, అరచేతిలో వెలిగే అద్దంలో లోకమంతా ఒదిగిన ఈనాటి వరకు, కాలమనే దర్జీ ఎన్ని రోజులను కత్తిరించి ఎన్ని ముక్కలను కింద రాల్చినా, ఆ ముక్కలను వంగి ఏరుకొని, దులిపి, మడిచి, ‘దేనికో దానికి పనికొస్తాది’ అని మూటగట్టుకొన్న ఇల్లాలు బాంబూఫ్లాట్ రేవుకు ఎగువన ఒకతె ఉన్నది. ఆమె పేరు తాతమ్మ, వయస్సు అరవై నాలుగు, వ్యాపకం బొంతలు కుట్టడం.

ఆ ఇంట ఏ వస్త్రానికీ ఆయుర్దాయం నిశ్చయం కాదు. తీగ మీద ఆరవేసిన లుంగీ సాయంత్రానికి లుంగీగా ఉండగలదని ఎవరూ పూచీ పడలేరు. మోకాళ్లు సహకరించక పడవను కొడుకు యువరాజ్‌కు అప్పగించి ఇంటిపట్టున ఉంటున్న ఆమె భర్త గవరయ్యకు ఈ సత్యం అనుభవపూర్వకంగా తెలుసు.

“ఏటే, నా నీలం లుంగీ కనబడదేటి?”

“బొంతలో ఉంది.”

“ఇంకా రెండేళ్లు కట్టుకొందును గదే!”

“ఇప్పుడు కప్పుకొందువులే.”

ఆ ఇంట తాతమ్మ కత్తెరకు చిక్కనివి ఒక్క కోడలు భాను బట్టలే. కోడలు బీరువాకు తాళం వేసి, ఆ తాళంచెవిని నాలుగేళ్లుగా నడుముననే ధరించి తిరుగుతున్నది. కొత్తగా కాపురానికి వచ్చిన వారంలోనే, ఆరిన చీరలను మడతపెడుతున్న అత్తగారి కన్ను ఆకుపచ్చ చీర అంచు మీద ఒక్క క్షణం ఎక్కువసేపు నిలవడం ఆమె గమనించింది. ఆ సాయంత్రమే తాళంకప్ప కొన్నది.

తాతమ్మ కుట్టుకు ఒక పద్ధతి ఉన్నది. మెత్తబడిన పాత చీరలను నాలుగైదు పొరలుగా పరచి, పైన రంగురంగుల ముక్కలను పేర్చి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు చేరేలా దబ్బనంతో దారం నడుపుతుంది. కొలతకు జాన, బెత్తెడు, గీతకు కంటిచూపు. అన్నిటికన్నా ముఖ్యమైనది నాలుగో మూల. అడుగున మరో పొరను అంచుల వెంట మాత్రమే కలిపి, మూడు మూలలు కుట్టి, నాలుగో మూల జానెడు మేర కుట్టకుండా వదిలేస్తుంది. ఆ సందుకు ఆమె పెట్టిన పేరు వాకిలి. ఆమె అత్తగారు యర్రమ్మ, ఎన్నడూ మూయనని మాట తీసుకొని మరీ నేర్పిన ఆచారమది. ఏటేటా ఇంట్లోవారి బట్ట ఒకటి ఆ వాకిలి గుండా లోపలికి వెళ్లి, ఒక పొరై, పాత పొరల సరసన పడుకోవాలి.

“వాకిలి మూసీసిన ఇల్లుంటాదేటే? ఇల్లు పెరుగుతాది గదా, బొంత పెరగద్దా?” అని ఆమె వాదన.

ఇంత నేర్పు ఉన్నా తాతమ్మకు తీరని కొరత ఒకటి ఉండిపోయింది. తాను కుట్టిన బొంతను ఒక్కసారైనా పూర్తిగా పరచి చూసుకొని ఎరుగదు. ఆమె వసారా పొడవు ఆరడుగులు. అందులో రెండడుగులను ఏడాదిలో ఎక్కువ భాగం వాన ఆక్రమించుకొంటుంది. బొంతలో సగం ఒడిలో, సగం గోడకు చుట్టగా. నేర్చుకోవడానికి వచ్చే ఆరుగురు ఆడవాళ్లలో ఇద్దరు మెట్ల మీద గొడుగు కింద కూర్చొని దారం ఎక్కిస్తారు. వీధి చివరనేమో ఊరి సామాజిక భవనం. నున్నని గచ్చు, నాలుగు పంకాలు, మధ్యాహ్నమంతా ఖాళీ. రేవుకు వెళ్లినప్పుడల్లా ఆ కిటికీలోంచి గచ్చును చూసి తాతమ్మ నిట్టూర్చేది. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు సైతం అంత ఆశగా చూసి ఉండడు.

పంచాయతీలో అడిగితే జవాబు మర్యాదగానే వచ్చింది. తరగతి నడుపుకోవచ్చు, కాని నేర్పేవారి చేతిలో శిక్షణ పత్రం ఉండాలి. ఆ పత్రం ఇచ్చే అతుకుల బొంతల తరగతి మూడు నెలలది, తుష్నాబాద్‌లో. అక్కడ పాఠం చెప్పేది, కుట్టుపనిలో డిప్లమా పొందిన భాను. తుష్నాబాద్‌కే తీరిక చాలకపోవడంతో భాను బాంబూఫ్లాట్‌లో మరో తరగతి పెట్టలేదు. పత్రం లేని తాతమ్మ పెట్టరాదు.

“అయితే నానూ చేరతాను,” అన్నది తాతమ్మ.

భాను అన్నం కలపడం ఆపింది. “అత్తా, అక్కడ నేను టీచర్ని. క్లాసులో ‘ఏటే’ అన్నావంటే బయట నిలబెట్టేస్తాను.”

“అలగే టీచరమ్మా.”

“ఇంకో మాట. ఆఖరి పరీక్షకి పోర్ట్‌బ్లెయిర్ నుంచి మేడమ్ వస్తాది. ఆవిడ ముందు నిన్ను నా అత్తవని చెప్పను. సిఫారసు అనుకుంటారు.”

“నానూ చెప్పను. నీ కొలబద్ద చూసి నీ అత్త సిగ్గుపడతందనుకుంటారు.”

గవరయ్య కంచంలోకి తల వంచి నవ్వుకొన్నాడు. నవ్వినందుకు ఆయనకు చేపముక్క ఒకటి తగ్గింది.

అలా ప్రతి మంగళ, శుక్రవారాల్లో అత్తాకోడళ్లు ఒకే బస్సులో, ఒకే సీట్లో తుష్నాబాద్ వెళ్లేవారు. హాలు గుమ్మం దాటగానే ఒకరు గురుపీఠం ఎక్కేవారు, మరొకరు చాప మీద కూలబడేవారు. లోకంలో శిష్యుని మించిన గురువులూ, గురువును మించిన శిష్యులూ ఉంటారు గాని, పొద్దున చట్నీలో ఉప్పు ఎక్కువైందని గురువును కసరి, మధ్యాహ్నం అదే గురువు చేత కుట్టు విప్పించుకొన్న శిష్యులు అరుదు. భాను ప్రతి ముక్కా నాలుగంగుళాల చదరం ఉండాలనేది. తాతమ్మ జానతో కొలిచి ముక్క పెడితే, భాను బద్దతో కొలిచి, పెన్సిలుతో గీత గీసి, నిశ్శబ్దంగా వెనక్కి ఇచ్చేది.

“అరే, తాతమ్మ దీదీ, మళ్లీ ఫెయిలా?” అని పక్క చాప మీది ఏంజెలీనా వేళాకోళమాడేది. ఆమె తుష్నాబాద్ పిల్ల. ఆదివారం చర్చిలో పాటలు పాడే ఆ గొంతు మిగతా ఆరు రోజులూ ఇతరులను ఆటపట్టించడానికి అంకితం.

“గీత తప్పు గాని ముక్క తప్పు కాదే. నా బొంత కింద పడుకున్నోడెవడూ ఇంతవరకు కొలబద్ద అడగలేదు.”

రెండో నెలలో భాను కాజాలు, బొత్తాలు నేర్పింది. తలగడ గలీబుకు, పసిపిల్లల దుప్పటికి అవసరమని ఆమె వివరణ. తాతమ్మ ఆ పాఠం మొదటి పావుగంట విన్నది. తరువాత, “బొంతకి బొత్తాలేటి? దానికేమన్నా చొక్కా కుడతన్నామా?” అని, గోడకు చేరబడి ఒక కునుకు తీసింది. ఏంజెలీనా, సూదిపోటు తగలకుండా అంగుస్తానా తొడిగిన ఆమె వేలిని పైకెత్తి “దీదీ హాజరు!” అన్నది. భాను చూసింది; నోట్సులో ‘కాజా: రాలేదు’ అని రాసుకొన్నది. గురుధర్మం.

మూడో నెల ముగిసింది. పరీక్ష నాడు హాలులో పదకొండు బొంతలు, చోటు చాలక సగానికి మడిచి, వరుసగా ఉంచబడ్డాయి. ఆ ఉదయం బస్సులో గవరయ్య కూడా ఎక్కడం చూసి తాతమ్మ ఆశ్చర్యపోయింది.

“నువ్వెందుకు?”

“నీ పరీక్ష చూడొద్దేటి?” అన్నాడాయన, ఆమె ఒడిలోని బొంత మూట మీంచి దృష్టి మరల్చకుండా. భర్త ప్రేమకు తాతమ్మ లోలోపల కరిగిపోయింది. ఆయన కళ్లజోడు కింద చెమట ఎందుకు పట్టిందో అప్పుడు ఆమె ఆలోచించలేదు.

పోర్ట్‌బ్లెయిర్ మేడమ్ వచ్చింది. మనిషి సన్నగా, మాట హిందీలో, చూపు సూదిమొనలా ఉన్నది. ఒక్కో బొంతనూ తిప్పి చూసి, దారం లాగి చూసి, కాగితం మీద అంకెలు వేసుకొంటూ తాతమ్మ బొంత దగ్గరకు చేరింది. కుట్టు చూసింది. తలూపింది. తాతమ్మ గుండె గచ్చంత విశాలమైంది. అప్పుడు మేడమ్ వేళ్లు నాలుగో మూలకు తగిలాయి.

“మాజీ,” అన్నది మేడమ్, అమ్మగారూ అనే అర్థంలో, “ఈ మూల తెరిచి ఉందేమిటి?”

“అది వాకిలి, మేడమ్.”

మేడమ్ ఆ వాకిలిలోకి చెయ్యి పోనిచ్చింది. ముందు ఒక సుద్దముక్క వచ్చింది, భాను నెలరోజులుగా వెతుకుతున్న నీలిరంగు సుద్ద. పిదప ఒక తమలపాకు. చివరకు, నలుచదరంగా మడిచిన పొగాకు పొట్లం.

హాలంతా నవ్వింది. తాతమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె చూపు కిటికీ మీదికి పోయింది. అక్కడ, ఊచల వెనుక, గవరయ్య ముఖం తెల్లబోయి వేలాడుతున్నది. ఆర్నెల్ల కింద మానేశానని సముద్రం మీద ఒట్టు వేసిన పొగాకు అది. భార్య ఇల్లంతా వెతికినా, తాను కుట్టిన బొంతలో మాత్రం వెతకదని ఆయన యుక్తి.

మేడమ్ నవ్వు ఆపుకొని, నియమం చదివి వినిపించింది. బొంత నాలుగు వైపులా మూసి ఉండాలి. “పది నిమిషాలు టైమ్ ఇస్తాను. ఈ మూల మూసి ఇవ్వండి, మాజీ, పాస్. లేదంటే నా చేతిలో ఏమీ లేదు.”

తాతమ్మ దబ్బనంలోకి దారం ఎక్కించింది. పది కుట్లు వేస్తే చాలు; ఆ నున్నని గచ్చు తనది. దబ్బనం మొన గుడ్డను తాకి ఆగింది. మూస్తే యర్రమ్మకు ఇచ్చిన మాట పోతుంది. మూయకపోతే మెట్ల మీద గొడుగు కింద కూర్చొన్నవాళ్లు అక్కడే మిగులుతారు. గోడ మీది గడియారంలో రెండు నిమిషాలు కరిగిపోయాయి.

భాను దగ్గరకు వచ్చింది. సాయం చేయరాదు, అది పరీక్ష. సూదిని ముట్టుకోలేదు, బొంతను ముట్టుకోలేదు. తరగతి మొత్తానికీ చెబుతున్నట్టు, గోడకేసి చూస్తూ, “మూసినవన్నీ మళ్లీ తెరవకూడదని ఎక్కడా లేదు. రెండో నెల పాఠం ఎవరికైనా గుర్తుందా?” అన్నది.

తాతమ్మ తలెత్తింది. అంచుకు ఒక పట్టీ, పట్టీకి కాజా, ఎదుట బొత్తాం. తాను నిద్రపోయిన పాఠం.

“ఓలమ్మో!” అన్నదామె. వెంటనే, “బొత్తాం! బొత్తాం ఏదీ?” అంటూ నలుదిక్కులా చూసి, కిటికీ వద్ద ఆగింది. గవరయ్యకు అర్థమై వెనక్కి తగ్గేలోపే ఊచల సందున చెయ్యి దూరి, ఆయన చొక్కా రెండో బొత్తాన్ని పుటుక్కున తెంపుకొచ్చింది.

“ఏటే ఇది, నలుగురిలోన!”

“పొగాకుకి జుర్మానా! నోరెత్తావంటే మిగతావీ పీకీగలను.”

కాజా కుట్టడం మొదలైంది. నలభై ఏళ్లు బొంతలు కుట్టిన వేళ్లు ఆ చిన్న కన్ను ముందు పసిపిల్లల వేళ్లయ్యాయి. ఒకసారి దారం చిక్కుపడింది. ఒకసారి వేలు గుచ్చుకొన్నది. ఏంజెలీనా ఆటపట్టించడం మాని, పెదవుల మీదే ఏదో ప్రార్థించుకొన్నది. తొమ్మిదో నిమిషం చివర తాతమ్మ బొత్తాన్ని కాజాలోకి నెట్టింది. అది దూరలేదు. మళ్లీ నెట్టింది. దూరింది. వాకిలికి తలుపు పడింది.

మేడమ్ బొత్తాం విప్పి చూసింది, పెట్టి చూసింది, మళ్లీ విప్పింది. ఆ తలుపు మీద ఆమెకు ముచ్చట పుట్టినట్టుంది. “కాజా అయితే కన్ను వాచినట్టుంది, మాజీ. పదికి మూడు.” కాగితం మీద ఇంకేదో రాసి, “బొంత పాస్,” అన్నది.

“నా టీచరయితే రెండే ఇచ్చును, మేడమ్,” అన్నది తాతమ్మ గర్వంగా. “ఏక్‌దమ్ కచ్చితమైన మనిషి!”

భాను నీలి సుద్దను తన పెట్టెలో వేసుకొన్నది. తిరుగు బస్సులో గవరయ్య చొక్కా రొమ్మును అరచేత మూసుకొని కూర్చొన్నాడు.

పదిహేను రోజుల తరువాత బాంబూఫ్లాట్ భవనంలో తరగతి మొదలైంది. ఆరుగురు కాదు, పద్నాలుగు మంది; గొడుగులు గుమ్మం బయట బారుగా ఆరుతున్నాయి. తాతమ్మ మొదటి పనిగా తన బొంతను గచ్చు నడుమ పరిచింది. ఒక మూల పట్టుకొని విసిరితే అది గాలిలో నిండుగా లేచి, నాలుగు మూలలా ఒక్క మడత లేకుండా దిగింది. ఆమె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. యువరాజ్ చిన్ననాటి చొక్కా, యర్రమ్మ జరీ అంచు, గవరయ్య నీలం లుంగీ, అన్నీ ఒకేసారి ఎదుట నిలవడం ఆమె జీవితంలో అదే తొలిసారి.

అప్పుడు భాను వచ్చింది. నడుమున తాళంచెవి లేదు. చేతిలో మడిచిన ఆకుపచ్చ చీర ఉన్నది. వంగి, బొంత నాలుగో మూల బొత్తాం విప్పి, ఆ చీరను లోపలికి నెట్టబోయింది.

తాతమ్మ ఆమె చెయ్యి పట్టుకొన్నది. “ఏటే టీచరమ్మా, ఇంకా రెండేళ్లు కట్టుకొందువు గదే!”

“ఇప్పుడు కప్పుకొంటానులే అత్తా.”

చీర లోపలికి వెళ్లింది. బొత్తాం పడింది, ఈసారి ఒక్క నెట్టుకే.

నీటిని గట్టు దాటనీయక, గాలిని కప్పు లేపనీయక ఈ దీవులను కాచే ఆ దయామయుడు తాతమ్మ చూపుకు సూది బెజ్జం ఎన్నడూ మసకబారనీయకుండుగాక. భాను చేతి కొలబద్దకు ధర్మం, పెదవికి చిరునవ్వు ఎడబాయకుండుగాక. యువరాజ్ పడవ ప్రతి సాయంకాలం నిండుగా రేవు చేరుగాక. గవరయ్య లుంగీలకు దీర్ఘాయువు, చొక్కాకు బొత్తాం, ఒట్టుకు నిలకడ కలుగుగాక. ఆ ఇంటి బొంత వాకిలి ఏటేటా తెరుచుకొని, కొత్త పొరను చేర్చుకొని, చలివానల రోజున ఎందరు తల దాచుకొన్నా ఇంకొకరికి చోటు మిగిల్చేటంత విశాలమగుగాక.