ఫలజ్‌లోకి వదిలిన గొట్టం

బాల్కనీలో బకెట్లోకి నీటిచుక్కలు పడుతున్నాయి. ఊసరవెల్లి బోనులో ఆకుల మీద పొద్దున్నే నీళ్లు చిలకరిస్తాను. అది గిన్నెలో నీళ్లు తాగదు, ఆకు మీది బొట్టునే నాకుతుంది. మిగిలినదంతా బోను అడుగునున్న గొట్టంలోంచి బకెట్లోకి దిగుతుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా సయీద్ చాచా గుర్తొస్తారు. చుట్టూ ఎవరూ లేకపోయినా తల దించుకుంటాను.

మస్కట్‌కు రాకముందు మేము ఒమన్‌లోనే రుస్తాఖ్ అనే ఊళ్లో ఆయన ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్లం. చాలాకాలం దుకాణం నడిపిన మనిషి. మనవాళ్లతో బేరాలాడి నేర్చిన హిందీ ఆయనకూ, ఆయన భార్యకూ బాగానే వచ్చు. ఇంటి వెనక గోడను ఆనుకుని సన్నటి కాలువ పారేది. కొండల్లోని ఊటనీటిని ఊళ్లోకి తెచ్చే ఫలజ్ అది. ఏ తోటకు ఎప్పుడు వంతో చూసే బాధ్యత ఊరు ఆయనకు అప్పగించింది. సాయంత్రాలు కాలువ వెంట నడుస్తూ, పడిన ఖర్జూరపు మట్టలు ఏరేసేవారు. నేను కిటికీలోంచి చూసి, పెద్దాయనకు కాలక్షేపం కాబోలు అనుకునేదాన్ని.

ఊసరవెల్లిని నాతో పనిచేసిన టీచరమ్మ స్వదేశం వెళ్లిపోతూ అంటగట్టింది. "ఆఫీసులో ఉన్నవి చాలవా, ఇంట్లో కూడా ఒకటా?" అన్నారు మావారు. నేను మాత్రం దాన్ని ముద్దు చేశాను. కానీ బోను అడుగున నీళ్లు నిలిచి, తిండికి వేసిన మిడతలు అందులో చచ్చి, గదంతా కంపు. అడుగుకు కన్నం పెట్టి, గొట్టం తగిలించి, వెనక కిటికీలోంచి కిందికి వదిలేశాను. కాకినాడలో పెరిగినదాన్ని, ఇంటి వెనక సన్నకాలువ అంటే నాకు తెలిసింది మురుగుకాలువే. కంపు పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం కింద మగవాళ్ల గొంతులు వినిపించాయి. దిగువన మసీదు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కునే చోట మిడత కాళ్లు, రెట్ట తేలాయట. వెతుక్కుంటూ ఎగువకు వచ్చి, మా గొట్టం కింద నిలబడ్డారు. నేను తేలు కుట్టిన దొంగలా కర్టెన్ వెనక ఉండిపోయాను. చాచా గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఏదో చెప్పారు. నాకొచ్చిన కాస్త అరబీలో 'నా ఇల్లు' అన్నది అర్థమైంది. వాళ్లు వెళ్లిపోయారు.

తర్వాత ఆయన పైకి వచ్చారు. "ఏదీ, నీ జంతువును చూపించు" అన్నారు. చాలాసేపు చూశారు. తనే గొట్టాన్ని లోపలికి లాగి, కింద బకెట్ పెట్టారు.

"ఫలజ్‌లో ముందు తాగే నీళ్లు, బేటీ. తర్వాత మసీదు. తర్వాత స్నానాలు. చివరికి తోటలు. ఎగువనున్నవాళ్లకు దిగువవాళ్లు కనబడరు. అందుకే నడిచి వెళ్లి చూసుకోవాలి. ఈ బకెట్ నీళ్లు తెచ్చి నా నిమ్మచెట్టుకు పొయ్యి."

'వాళ్లకు నేనే చెబుతాను చాచా' అనాలి. 'సరే చాచా' అని మాత్రం అన్నాను.

ఆ తర్వాత కాలువ వెంట వేరే మనిషి నడవసాగాడు. మావారే సంగతి కనుక్కొచ్చారు. "సొంత ఇంటి నీళ్లు చూసుకోలేనివాడు ఊరి నీళ్లేం చూస్తాడని, చాచాయే ఆ పని వదిలేశారట. నువ్వెళ్లి ఒక్క మాట చెప్పరాదూ?"

"ఇల్లు ఖాళీ చెయ్యమంటేనో?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. అంత మనిషి పరువు కన్నా నాకు అద్దె ఇల్లు ఎక్కువైంది. అక్కడున్నన్నాళ్లూ రోజూ నిమ్మచెట్టుకు నీళ్లు పోశాను గానీ, మసీదు వైపు నాలుగడుగులు వెయ్యలేదు.

మేము మస్కట్ వచ్చేశాక ఆయన పోయారు. పలకరించడానికి వెళ్లి, ఆయన భార్య పక్కన కూర్చుని, అప్పుడు చెప్పాను, ఆ గొట్టం నాదని. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"పై కిటికీలోంచి వేలాడే గొట్టం ఎవరిదో ఊరికి తెలియదా, బేటీ? ఆయనకు నీమీద కోపం లేదు. నువ్వు మెట్లు దిగే చప్పుడైతే చాలు, ఈరోజు వెళ్లి చెబుతుందేమో అనేవారు."

నాకు తల కొట్టేసినట్టయింది.

బకెట్ నిండింది. బాత్రూమ్‌లో పారబొయ్యొచ్చు కదా అంటాడు వాచ్‌మన్. నేను గేటు దగ్గరి వేపచెట్టు దాకా మోసుకెళతాను. లిఫ్ట్ ఉన్నా ఎక్కను. మెట్లు దిగుతుంటే నా అడుగుల చప్పుడు నాకే వినిపిస్తూ ఉంటుంది.