హుసేనక్క, మా వీధి గంజి చీర

హుసేనక్క మరణవార్త అందేటప్పటికి నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. "టీచరమ్మా, అత్త లేదు" అని ఆమె కోడలు మాబున్ని ఫోనులో అన్నది. ఆ తరువాత నేనేమడిగానో, ఆ పిల్ల ఏం చెప్పిందో ఒక్క ముక్క జ్ఞాపకం లేదు. ముందురోజు సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, నా పెరుగు పుల్లగా ఉందని దెప్పిపోయిన మనిషి లేదంటే బుద్ధి ఎట్లా ఒప్పుకుంటుంది? కాలిన వాసన వచ్చాక చూసుకున్నాను. బల్ల మీద పరచిన చీర కొంగున ఇస్త్రీపెట్టె ఆకారంలో మచ్చ పడింది. ఆ చీర ఒకప్పుడు నాది. తరువాత మా వీధి మొత్తానిదీ అయింది. దాని సంగతి చెప్పకుండా హుసేనక్కను గురించి ఏమీ చెప్పలేను.

ఎరగని వారి కోసం చెబుతున్నాను. బుక్కరాయసముద్రంలో చెరువు వైపు పోయే మా సందులో పరుపులు, బొంతలు కుట్టి బ్రతికిన దూదేకుల ఇంటి కోడలు హుసేనమ్మ. చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని, దబ్బనమూ దారమూ నమ్ముకుని కొడుకును పెంచిన ధీర. ఎప్పుడు చూసినా తలలో దూది పింజలు ఉండేవి. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినదాన్ని. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. గోడ ఇవతల నేను పిల్లలకు పాఠం చెబుతుంటే విని, "నీ తెలుగు గూడా గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్లుండాది టీచరమ్మా, ఎవురూ తాకరాదు దాన్ని" అని ఎగతాళి చేసేది. ఈ వ్యాసమూ ఆ గంజి తెలుగులోనే రాస్తున్నాను. వింటే నవ్వుతుంది, నవ్వనీ. పోయినవారి ముందు నలిగిన మాటలతో నిలబడడం నాకు చేతకాదు.

వితంతు పింఛను కోసం ఆమె అనంతపురంలో ఒక ఆఫీసుకు పోయింది. ఏ ఆఫీసో చెప్పను, ఏదైనా ఒకటే. పరుపు కుడుతున్న చేతులతో, దూది దులుపుకోకుండా ఆటో ఎక్కిపోయింది. అక్కడి గుమాస్తా తలెత్తకుండానే "గోడ పక్కన నిలబడు, పిలుస్తా" అన్నాడట. సాయంత్రం దాకా పిలవలేదు. మరోసారి పోవలసి వచ్చినప్పుడు ఉన్న చీరలు రెండూ తడిసి తీగ మీద ఉన్నాయని నా దగ్గరకు వచ్చింది. తనిఖీ రోజుల్లో బడికి కట్టుకునే చీర ఒకటి ఇచ్చాను. బిస్కెట్టు రంగు నూలు చీర, ముదురాకుపచ్చ అంచు, నిలబెడితే నిలబడేటంత గంజి. సాయంత్రం ఆమె తిరిగి వచ్చి మా అరుగు మీద కూర్చుంది. ముఖంలో సంతోషం లేదు.

"వాడు నన్ను కూర్చోమన్న్యాడు" అంది.

"మంచిదే కదక్కా" అన్నాను.

"ఏం మంచిది? మొన్న గోడకానిచ్చి నిలబెట్టినోడే వాడు. వానికి నా మొగం గుర్తే ల్యా. కుర్చీ నీ చీరకిచ్చినాడు టీచరమ్మా. నేను దాని లోపల ఉండాను గాబట్టి కూర్చున్న్యా."

ఆ చీర ఆమె నాకు తిరిగి ఇవ్వలేదు. "ఇది నీకొక్కదానికే ఎందుకు, అందరికీ పనికొస్తాది" అని న్యాయం చెప్పింది. ఇచ్చినదాన్ని నేను, తీర్పు చెప్పేది ఆమె. హుసేనక్కతో వ్యవహారం అట్లాగే ఉండేది. ఆనాటి నుంచి మా సందులో ఏ ఆడమనిషికి ఆఫీసు పని పడినా, బ్యాంకు పని పడినా, ఆస్పత్రిలో పెద్ద డాక్టరును కలవాల్సి వచ్చినా ఆ చీర కట్టుకుని పోవడం ఆచారమైంది. ఉతికి గంజి పెట్టడం ఆమె వంతు, ఇస్త్రీ నా వంతు. అంచు పిగిలిన చోట పరుపు దారంతో కుట్లు వేసేది.

పట్టుచీర ఉన్నవాళ్లు పట్టు కట్టుకుంటామంటే ఒప్పుకునేది కాదు. "పట్టు కడితే పెండ్లికి పోతాండారు, దారిలో వచ్చినారనుకుంటారు. గంజి చీర కడితే తనిఖీకి వచ్చినారేమోనని భయపడతారు" అనేది. లోకరీతిని ఇంత నిష్కర్షగా చెప్పినవారిని నేను మరొకరిని చూడలేదు. నిజం చెప్పొద్దూ, నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ గంజి నీడలోనే మర్యాదలు అందుకున్నాను. అవి నా చదువుకు జరుగుతున్నాయనుకున్నాను, పిచ్చిదాన్ని.

ఎదురింటి సుంకమ్మ కూలికి పోయే మనిషి, పరమ భయస్తురాలు. రేషను కార్డులో పేరు తప్పు పడితే దిద్దించుకోవడానికి ఆ చీర కట్టించి పంపాం. కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీలో కూర్చుని ఆమె నోరు విప్పలేక, పని చెప్పకుండానే లేచి వచ్చింది. వీధంతా నవ్వింది గాని హుసేనక్క నవ్వలేదు. "సుంకమ్మా, చీర నిన్ను కుర్చీ దాకా తీసకపోతాది. కూర్చున్నంక మాట్లాడాల్సింది నువ్వే. అది మాట్లాడదు" అని చెప్పి, మా వరండాలోని నా కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, తాను గుమాస్తాగా ఎదురుగా బాసింపట్టు వేసుకుని, "ఏమ్మా, ఏం పని?" అని గద్దించి గద్దించి అడిగింది. పొద్దుగూకేవేళకు సుంకమ్మ తిరిగి గద్దించడం నేర్చుకుంది. కార్డు దిద్దించుకుని వచ్చింది కూడా. ఇప్పుడామె నోటికి మేమే భయపడుతున్నాం.

కొన్నాళ్లకు ఆ పింఛను ఆఫీసులో ఒక అటెండరు చీరను గుర్తుపట్టాడు. మనిషిని కాదు సుమా, చీరను. ఎవరు కట్టుకుపోయినా "రండి హుసేనమ్మగారూ" అని ఎదురు వచ్చి కుర్చీ లాగేవాడు. సుంకమ్మ పోయినా హుసేనమ్మే, పక్కింటి కోడలు పోయినా హుసేనమ్మే. ఒకరోజు అసలు హుసేనమ్మే పనిబట్టల్లో పోయి "నేనప్పా హుసేనమ్మను" అంటే, "ఆయమ్మ నాకు తెలుసులే, పక్కకు నిలబడు" అన్నాడట. ఈ ముచ్చట చెబుతూ ఆమె కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగిన తరువాత కొంగుతో తలలోని దూది దులుపుకుంది.

ఒకసారి నేను ధర్మసందేహం లేవదీశాను. ఇది ఒకరకంగా మోసం కాదా అక్కా, ఉన్నదున్నట్లు పోయి హక్కుగా అడగకూడదా అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "పరుపుకు గలేబు బాగుంటే లోపల దూది ఎట్లాంటిదో ఎవురూ అడగరు. గలేబు చినిగింటే లోపల ఎంత మంచి దూది ఉన్న్యా కొనరు. ఇది నేను పెట్టిన ధర్మం గాదు. నీ అట్లా సదువుకున్నోళ్లు పెట్టినారు" అంది. తరువాత తానే గొంతు తగ్గించి, నేను ఏనాటికీ మరవలేని మాట అన్నది. "నాకూ సిగ్గుగానే ఉంటాది టీచరమ్మా. నాదొకటే ఆశ. ఈ చీర చినిగిపోయే లోపల దీంతో పని లేకుండా పోవాల. నా కోడలు దూది తలతో పోయినా కూర్చోమని చెప్పల్ల." మాబున్ని అప్పుడు కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. ఆ నాటి నుంచి ఆ చీరకు కుట్లు పడిన ప్రతిసారీ ఆ మాట నాకు గుర్తొచ్చేది. ఏది ముందు తీరుతుందో, చీరా ఆమె ఆశా అని దిగులుపడేదాన్ని.

మా సందుకు కొళాయి కోసం అర్జీ పెట్టిన సోమవారం ఆమె జీవితంలో మహోజ్జ్వల ఘట్టం. ఆడవాళ్లందరూ కలిసి అనంతపురం ఆఫీసుకు పోవాలి. చీర ఒకటే. ఎవరు కట్టుకోవాలని వాదన మొదలైతే హుసేనక్క తేల్చేసింది. "ఒకరికి కుర్చీ, మిగిలినోళ్లకు గోడా? ఎవురూ కట్టుకోవద్దు. ఉన్నట్లే పోదాం." చీరను మాత్రం మడత చెడకుండా సంచిలో పెట్టుకుంది. నాతో, "నువ్వు గడప కాడనే ఉండు. నిన్ను సూస్తే కుర్చీ వేస్తారు, అంతా చెడిపోతాది" అంది. నేను ఆఫీసు గడపలోనే నిలబడ్డాను.

అనుకున్నట్లే మావాళ్లను గోడవారకు తోశారు. పెద్దసారు కొత్తగా వచ్చినాయన, కాగితాల్లో తల పెట్టుకుని ఉన్నాడు. ఆయన ఎదుట కుర్చీ ఖాళీగా ఉంది. హుసేనక్క నెమ్మదిగా ముందుకు పోయి, సంచిలోంచి చీర తీసి, ఆ కుర్చీలో నిలువుగా పెట్టి, కొంగును కుర్చీ చేతుల మీదుగా సర్దింది. గంజి చీర గదా, మనిషి కూర్చున్నట్లే కూర్చుంది.

"సారూ, మీరు కుర్చీ ఇచ్చేది దీనికే గదా. అందుకే దీన్ని కూర్చోబెట్టినా. అడిగేది మాత్రం మేము. నిలబడే అడుగుతాం, మాకలవాటే" అంది.

ఆయన మండిపడతాడనుకున్నాను. ఆయన చీరను చూశాడు. గోడవారన బారుగా నిలబడిన మావాళ్లను చూశాడు. లేచి నిలబడి, బెంచీలు తెప్పించమని అటెండరుతో చెప్పాడు. "అమ్మా, ఆ చీర తీసి మీరు కూర్చోండి" అన్నాడు. "ముందు ముసలోళ్లను కూర్చోబెట్టండి సారూ. నేను చీర మడత పెట్టుకోవాల" అంది హుసేనక్క. ఆ ఎండాకాలం మా సందులో కొళాయి పారింది. ఆ బెంచీలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, అర్జీదారులు కూర్చుంటున్నారు.

గెలిచామని నేను పొంగిపోతే ఆమె పొంగలేదు. "ఒక ఆఫీసు గెలిచినాం. అనంతపురంలో ఇంకా శానా ఆఫీసులుండాయి" అని మర్నాడే చీరను మళ్లీ గంజిలో ముంచింది. మనిషి తీరు అది. పోయేముందు సాయంత్రం కూడా, రాబోయే సోమవారం సుంకమ్మకు బ్యాంకు పని ఉందని, ఉతికి గంజి పెట్టిన ఆ చీరనే నాకిచ్చి పోయింది. తెల్లవారి పరుపు కుడుతూ కుడుతూ పక్కకు ఒరిగిపోయిందట. చేతిలో దబ్బనం అట్లాగే ఉందట.

ఆమెకు స్నానం చేయించి తెల్లని కఫన్ చుట్టారు. కుట్టు లేదు, అంచు లేదు, గంజి లేదు. కలవారికైనా లేనివారికైనా అదే బట్ట. మనుషులు బ్రతికుండగా చేయలేని మర్యాద ఆమె మతం ఆమెకు అట్లా చేసింది. తలవెంట్రుకల్లో ఒక్క దూది పింజ లేదు, నాకు అదొక్కటే కొత్తగా కనిపించింది. జనాజా సందు మలుపు తిరిగేదాకా మేమంతా నిలబడ్డాం. సుంకమ్మ నా భుజం మీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కొన్నాళ్లకు మరణ ధ్రువీకరణ కోసం మాబున్ని ఆఫీసుకు పోవలసి వచ్చింది. బెంచీలున్న ఆఫీసు కాదది, మేము ఇంకా గెలవనిది. చీర కోసం నా దగ్గరకు వచ్చింది. కాలిన కొంగు చూపించాను. ఆ పిల్ల మచ్చ మీద వేలు పెట్టి చూసి, "పోనీలే టీచరమ్మా, మిగిలింది బాగానే ఉండాది, బొంతకు పైబట్ట వేస్తా" అని చంక కింద పెట్టుకుంది. నా చీర ఇంకొకటి ఇస్తానన్నాను. "ఆటో నిలబడుకోనుండాది" అని ఒంటి మీదున్న పనిచీరతోనే పోయింది. తల నిండా దూది. నేను వరండాలో కూర్చున్నాను, లోపలికి పోబుద్ధి కాలేదు.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏమైతాది? పని అయిపాయ."

"ఎక్కడ నిలబెట్టినారు?"

"నిలబెట్టేదేంది? కూర్చోమన్న్యారు, కూర్చున్న్యా."

"ఏమని అన్నారు? సరిగ్గా చెప్పు."

నన్ను వింతగా చూసింది. "‘కూర్చోమ్మా’ అన్న్యారు. ఇంకేమంటారు టీచరమ్మా?" అని, దూది ఏకేది ఉందని ఇంట్లోకి పోయింది.

ఇంకేమంటారు అని అడగగలిగిన ఆ పిల్లను చూడడానికి హుసేనక్క లేదు. నా పెరుగు పుల్లనని చెప్పేవారు లేరు, నా తెలుగును ఎగతాళి చేసేవారు లేరు, నేను ఇచ్చినదాన్ని తనదని తీర్పు చెప్పేవారు లేరు. ఆ స్థానం ఎవరితోనూ నిండదు. నా వరండాలో ఆనాడు సుంకమ్మ కూర్చుని గద్దించడం నేర్చుకున్న కుర్చీ అట్లాగే ఉంది. దాన్ని గోడ వైపుకు, అవతల ఆమె పరుపులు కుట్టిన చోటు కేసి తిప్పి పెట్టుకున్నాను. అక్కా, చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నీ కోడలిని కూర్చోమన్నారు.